పడని ఆహారం – యువత బాధ్యత

పాఠ్యభాగ ఉద్దేశం

ఆహారం ప్రాణాధారం. అయితే అందరికీ మేలు చేసే పదార్థమే కొందరి పాలిట ప్రాణాపాయం కావచ్చు. చదువు కోసం, ఉద్యోగం కోసం ఇల్లు విడిచి వెళ్ళే యువతీయువకులు అంతవరకు తల్లిదండ్రులు మోసిన ఆరోగ్యరక్షణ భారాన్ని తాము స్వీకరించవలసి ఉంటుంది. ఆహారపు అలర్జీ ఉన్నవారు ఆ బాధ్యతను ఎలా నిర్వహించుకోవాలో, తోటివారు వారికి ఎలా తోడ్పడాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి నోట తరచుగా వినిపించే మాటలలో 'పడదు' అన్నది ఒకటి. వంకాయ పడదంటారు, పాలు పడవంటారు, అత్తాకోడళ్ళకు పడదంటారు. ఇష్టం లేకపోవడానికీ, అరగకపోవడానికీ, ఒళ్ళు తట్టుకోలేకపోవడానికీ, మనసులు కలవకపోవడానికీ ఈ ఒక్క మాటే సరిపోతుంది. మాట ఒకటే కావడం వల్ల వినేవారు కూడా అన్నింటినీ ఒకే తూకంతో తూస్తారు. "నాకు వేరుశనగ పడదు" అని ఒక విద్యార్థి చెప్పినప్పుడు, "కొంచెం తింటే ఏమవుతుంది?" అని వడ్డించేవారు అనడం అందుకే. ఆ విద్యార్థికి ఉన్నది అయిష్టం కాక అలర్జీ అయితే, ఆ 'కొంచెం' అతని ప్రాణం మీదికి రావచ్చు.

శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ కోటకు కాపలా కాసే భటుని వంటిది. వ్యాధులను కలిగించే సూక్ష్మజీవులను గుర్తించి ఎదిరించడం దాని పని. కొందరిలో ఈ భటుడు పొరబడతాడు. పాలలోనో, గుడ్డులోనో, వేరుశనగలోనో ఉన్న మాంసకృత్తును శత్రువుగా భావించి, దానిని ఎదుర్కొనడానికి 'ఐజీఈ' అనే ప్రతిరక్షకాలను సిద్ధం చేస్తాడు. అవి చర్మంలోను, శ్వాసనాళాలలోను, పేగులలోను ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ పదార్థం మరల లోపలికి రాగానే ఆ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను ఒక్కసారిగా వెదజల్లుతాయి. దురద, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం దాని ఫలితాలు. ఇవి సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు బయటపడతాయి. గొంతు బిగుసుకొని, ఊపిరి అందక, రక్తపీడనం పడిపోయే తీవ్రస్థితిని 'అనాఫిలాక్సిస్' అంటారు. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బరించడం వేరు, పాలలోని మాంసకృత్తు పడక గొంతు వాచడం వేరు. మొదటిది ఇబ్బంది, రెండవది అపాయం.

ఈ సంగతులు ఒక్కనాడు తెలిసినవి కావు. 'అలర్జీ' అనే పదాన్ని 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే కల్పించాడు. 'వేరైన', 'పని' అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటలు అందులో ఉన్నాయి. 1921లో జర్మనీకి చెందిన ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అనే ఇద్దరు వైద్యులు ఒక సాహసమైన ప్రయోగం చేశారు. క్యూస్ట్నర్‌కు వండిన చేప పడదు. కొద్దిగా తిన్నా ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. అతని రక్తం నుండి తీసిన ద్రవాన్ని ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకొన్నాడు. చేపను హాయిగా తినగలిగిన అతని చర్మం అక్కడ ఎర్రబడి ఉబ్బింది. అలర్జీకి కారణమైన పదార్థమేదో రక్తంలోనే ఉన్నదని ఆ విధంగా రుజువైంది. ఆ పదార్థాన్ని 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దేశీయులైన ఇషిజాకా దంపతులు, 1967లో స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కనుగొన్నారు. 1968లో దానికి 'ఐజీఈ' అనే పేరు స్థిరపడింది. తనకు చేప పడదన్న సంగతిని క్యూస్ట్నర్ లోపంగా భావించి దాచుకొని ఉంటే ఈ జ్ఞానం లోకానికి ఇంకెంత ఆలస్యంగా అందేదో!

దాచుకోవడం వల్ల కలిగే కీడు యౌవనంలో మరింత ఎక్కువ. అమెరికాలో ఆహారపు అలర్జీతో మరణించిన 32 మంది వివరాలను అక్కడి వైద్యులు 2001లో ప్రకటించారు. వారిలో అధికులు కౌమారంలోను, నవయౌవనంలోను ఉన్నవారే. దాదాపు అందరికీ తమకు అలర్జీ ఉన్నదని ముందే తెలుసు. అయినప్పటికీ ప్రాణం కాపాడే మందు ఆ సమయంలో చాలామంది దగ్గర లేదు. తెలియక పోయిన ప్రాణాలు కావవి. తెలిసీ సిద్ధంగా లేకపోవడం వల్ల పోయినవి.

సిద్ధంగా ఎందుకు ఉండరు? 2006లో వెలువడిన మరొక అమెరికా పరిశీలన ఈ ప్రశ్నకు కొంత సమాధానం ఇస్తుంది. 13 నుండి 21 సంవత్సరాల వయస్సు గల 174 మందిని ప్రశ్నించగా, మందును ఎల్లప్పుడూ వెంట ఉంచుకొంటామని 61 శాతం మంది చెప్పారు. ప్రయాణాలలో 94 శాతం మంది వెంట తీసుకొని వెళ్ళేవారు. ఆటలాడే వేళ అది 43 శాతానికి పడిపోయింది. బిగుతైన దుస్తులు వేసుకొన్నప్పుడు 53 శాతమే. అనుమానం ఉన్న పదార్థాన్ని తెలిసి తెలిసి తిన్నామని సగానికి పైగా ఒప్పుకొన్నారు. ఇక్కడ కొరవడినది జ్ఞానం కాదు. జేబు ఎత్తుగా కనబడుతుందన్న బిడియం, నలుగురిలో వేరుగా కనబడతామన్న సంకోచం, తనకేమీ కాదన్న ధీమా – ఈ మూడే వారిని అజాగ్రత్తవైపు నడిపించాయి.

వసతిగృహంలో చేరిన ఒక విద్యార్థినిని ఊహించుకొంటే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమెకు వేరుశనగ పడదన్న సంగతి తల్లి చేతికి తెలుసు. పులిహోరలో పల్లీలు వేయకముందే ఆమె వంతు తీసి పక్కన పెట్టేది. బంధువుల ఇంటికి వెళితే నాయనమ్మ ముందే హెచ్చరించేది. వసతిగృహంలో ఆ చెయ్యి లేదు, ఆ హెచ్చరిక లేదు. ఉదయం ఇడ్లీతో పల్లీ చట్నీ, మధ్యాహ్నం వేరుశనగలు, నువ్వులు నూరి కూరిన గుత్తివంకాయ, సాయంత్రం ఏ నూనెలో వేగాయో తెలియని బజ్జీలు. చట్నీలో పెట్టిన గరిటెనే సాంబారులోనూ పెడతారు. గుడిలో ప్రసాదాన్ని కాదనడం అపచారమనిపిస్తుంది. స్నేహితురాలి పుట్టినరోజు కేకును వద్దంటే ఆమె నొచ్చుకొంటుందనిపిస్తుంది. "దీనికి అన్నీ పట్టింపులే" అన్న మాట ఒకసారి వినబడితే చాలు, మరునాటి నుండి ఆమె నోరు విప్పదు.

కొందరు ఇందుకు భిన్నంగా భయంలో కూరుకొనిపోతారు. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టరు. పెళ్ళిళ్ళకు, విహారయాత్రలకు వెళ్ళరు. క్రమంగా పోషణ తగ్గి, స్నేహాలు సన్నగిల్లి, మనసు క్రుంగుతుంది. అజాగ్రత్త ఎంత కీడో అతిభయమూ అంతే కీడు. ఈ రెంటికీ నడుమనున్న మార్గం జాగ్రత్తతో కూడిన నిబ్బరం. అది సరైన వైద్యసలహాతో మొదలవుతుంది.

వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు విద్యార్థి వెంట తీసుకొని వెళ్ళవలసిన వాటిలో ముఖ్యమైనది ఒక చిన్న పుస్తకం. ఏమి తిన్నదీ, ఎంత తిన్నదీ, ఎంతసేపటికి ఏ లక్షణం కనబడినదీ, ఏ మందుతో తగ్గినదీ అందులో వ్రాసి ఉండాలి. తిన్న తరువాత పరుగెత్తడం, ఆటలాడడం జరిగిందా అన్నది కూడా చేర్చాలి. గోధుమ, రొయ్య వంటివి తిని వెంటనే వ్యాయామం చేస్తేనే కొందరిలో అలర్జీ తలెత్తుతుంది. అలర్జీని నిర్ణయించడంలో ఈ వృత్తాంతమే వైద్యునికి మొదటి ఆధారం. చర్మంపై సూదిమొనతో చేసే పరీక్ష, రక్తపరీక్ష దాని తరువాతివి. అప్పటికీ సందేహం తీరకపోతే ఆసుపత్రిలో, వైద్యుని కళ్ళ ఎదుట, ఆ పదార్థాన్ని కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఈ పరీక్షను ఇంట్లో ఎవరికి వారు చేసుకోవడం ఎంతమాత్రం తగదు.

కేవలం రక్తపరీక్షను నమ్మి ఆహారాన్ని మానివేయడం కూడా పొరపాటే. కర్ణాటకలో వయోజనులపై జరిపిన పరిశీలన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. వారిలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి సంబంధించిన ఐజీఈ కనబడింది. కాని లక్షణాలను కూడా లెక్కలోకి తీసుకొని చూస్తే, అలర్జీ ఉండవచ్చునని తేలినవారు 1.2 శాతమే. అనగా పరీక్షలో కనబడిన ప్రతిదీ పడని పదార్థం కాదు. అనుభవమూ పరీక్షా రెండూ కలిసినప్పుడే నిర్ణయం. శనగ, వంకాయ వంటివి కూడా కొందరికి పడవని భారతీయ వైద్యులు గుర్తించారు. కనుక విదేశీ పట్టికలను మాత్రమే చూసి "నాకు ఇది కాదులే" అనుకోరాదు.

బాల్యంలో వైద్యునితో మాట్లాడేది తల్లి. బిడ్డ పక్కన కూర్చొని వింటాడు. యౌవనంలో ఈ స్థానాలు మారాలి. ఐరోపా అలర్జీ వైద్యుల సంఘం 2020లో 11 నుండి 25 సంవత్సరాల వయస్సు వారి కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలను ప్రకటించింది. బాధ్యతను ఒక్కరోజులో అప్పగించక చిన్ననాటి నుండి క్రమక్రమంగా అప్పగించాలన్నది వాటి సారాంశం. మొదట మందుల పేర్లు నేర్చుకోవాలి. తరువాత వైద్యునితో కొంతసేపు ఒంటరిగా మాట్లాడాలి. పిదప మందుల గడువు తేదీలను తానే చూసుకోవాలి. చివరకు కొత్త ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి వైద్యుని, అత్యవసర చికిత్స చేసే ఆసుపత్రిని తానే తెలుసుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకోవాలి. అదుపు తప్పిన ఉబ్బసం ఆహారపు అలర్జీని మరింత ప్రమాదకరం చేస్తుంది.

పొట్లాలలో అమ్మే ఆహారం కొనేటప్పుడు చదివే అలవాటు అవసరం. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో చేసిన నిబంధనల ప్రకారం గ్లూటెన్ గల ధాన్యాలు, రొయ్యలు, పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉన్నప్పుడు ఆ సంగతిని పొట్లంపై విడిగా తెలపాలి. సంక్రాంతి అరిసెలకు అద్దే నువ్వులు ఆ జాబితాలో చేరలేదు. కాబట్టి నువ్వులు పడనివారు హెచ్చరికతో సరిపెట్టుకోక పదార్థాల పట్టికను మొదటి నుండి చివరి దాకా చదవాలి. 2016లో నటాషా అనే పదిహేనేళ్ళ ఇంగ్లండు బాలిక రొట్టెపిండిలో కలిసిన నువ్వుల వల్ల మరణించింది. ఆ రొట్టెపై నువ్వుల ప్రస్తావన లేదు. అమ్మే చోటనే తయారుచేసి పొట్లం కట్టిన ఆహారంపైనా పదార్థాలన్నింటినీ ముద్రించాలన్న చట్టం ఆమె పేరుతో 2021 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది.

పొట్లం లేని చోట ప్రశ్నే రక్ష. ఆ ప్రశ్న కూడా స్పష్టంగా ఉండాలి. 2017 ఏప్రిల్ 22న ఓవెన్ కేరీ అనే యువకుడు తన పద్దెనిమిదవ పుట్టినరోజున లండన్‌లో ఒక భోజనశాలకు వెళ్ళాడు. అతనికి పాలపదార్థాలు పడవు. ఆ సంగతి అక్కడివారికి చెప్పాడు కూడా. అయినా అతను కోరుకొన్న కోడిమాంసాన్ని మజ్జిగలో నానబెట్టారన్న విషయం అతనికి తెలియలేదు. కొద్దిసేపటికే కుప్పకూలి మరణించాడు. తెలుగునాట దాహం తీర్చే మజ్జిగ అక్కడ ఒక యువకుని ప్రాణం తీసింది. చెప్పడం ఒకరి బాధ్యత అయితే, విని వంటవాని దాకా చేరవేయడం మరొకరి బాధ్యత. "ఇందులో పాలు ఉన్నాయా?" అని అడిగి ఊరుకోక, "దీనిని దేనిలో నానబెట్టారు? ఏ నూనెలో వేయించారు? ఈ గరిటె దేనిలో పెట్టారు?" అని అడగడం నేర్చుకోవాలి. నిశ్చయమైన జవాబు రాకపోతే తినకపోవడమే మంచిది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా పొరపాటు జరగవచ్చు. అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. దురద, కొద్దిపాటి దద్దుర్లకు వైద్యుడు ఇచ్చిన మాత్ర చాలవచ్చు. గొంతు బిగుసుకోవడం, ఆయాసం, పిల్లికూతలు, తల తిరగడం, స్పృహ తప్పడం మొదలైతే మాత్రం ఆ మాత్రలు ప్రాణం నిలపలేవు. అప్పటి మందు అడ్రినలిన్ ఒక్కటే. దానిని తొడ వెలుపలి భాగంలోని కండరంలోకి సూదితో ఎక్కించాలి. రోగిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి అందకపోతే కాళ్ళు చాపి కూర్చోబెట్టవచ్చు. లేచి నడవనీయరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఈ అత్యవసర సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై తరువాత ఎన్నో రాష్ట్రాలకు విస్తరించింది. లక్షణాలు తగ్గినా ఆసుపత్రికి వెళ్ళడం మానరాదు. కొందరిలో కొన్ని గంటల తరువాత అవి తిరగబెడతాయి.

అడ్రినలిన్ జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్నది. అయితే ఎవరికి వారు పొడుచుకొనేందుకు వీలైన, కలం వంటి పరికరం అన్ని మందుల దుకాణాలలోను దొరకదు. కాబట్టి మందును ఏ రూపంలో సమకూర్చుకోవాలో, ఎలా వాడాలో వైద్యుని వద్ద ముందే నేర్చుకొని, ఆ సూచనలను ఒక కాగితంపై వ్రాయించుకొని వెంట ఉంచుకోవాలి. వైద్యశాస్త్రం ముందుకు సాగుతూనే ఉన్నది. పొరపాటున తిన్నప్పుడు తీవ్రత తగ్గించడానికి ఒమాలిజుమాబ్ అనే మందును, ముక్కులో కొట్టుకొనే అడ్రినలిన్‌ను అమెరికా ప్రభుత్వం 2024లో అనుమతించింది. అయినా ఇవి జాగ్రత్తకు ప్రత్యామ్నాయం కావు.

మందు వెంట ఉన్నా, స్పృహ తప్పినవాడు తనకు తాను సూది వేసుకోలేడు. అప్పుడు పక్కనున్న స్నేహితుడే వైద్యుడు. పైన చెప్పిన 174 మందిలో 68 శాతం మంది, తమ స్నేహితులకు ఈ విషయం తెలిస్తే తమ జీవితం సులువవుతుందని చెప్పారు. వారి స్నేహితులకు కావలసినది జాలి కాదు, వినే ఓర్పు. మందు సంచిలో ఏ అరలో ఉన్నదో, ఎవరికి ఫోను చేయాలో తెలిసిన ఒక్క మిత్రుడు గదిలో ఉంటే తల్లికి నిద్ర పడుతుంది. "తిని చూడు, ఏమీ కాదు" అని బలవంతపెట్టేవాడు హాస్యానికే అన్నా మిత్రుడనిపించుకోడు.

పథ్యం తెలుగువారికి కొత్తది కాదు. బాలింతకు, జ్వరపడి లేచినవారికి పథ్యం పెట్టడం ప్రతి ఇంటా ఉన్నదే. దానిని ఎవరూ నామోషీగా భావించరు. అలర్జీ ఉన్నవారి జాగ్రత్త కూడా అటువంటి పథ్యమే, కాకపోతే ఎక్కువకాలం సాగేది. అందుచేత ఆ విద్యార్థిని వసతిగృహంలో చేరిన మొదటి రోజునే వంటమనిషి ఎదుట నిలబడి, "అక్కా, నాకు వేరుశనగ పడదు. ఇష్టం లేక కాదు, తింటే నాకు ఊపిరి ఆడదు" అని చెప్పగలగాలి. 'పడదు' అన్న మాటకు ఆ రెండవ వాక్యాన్ని చేర్చడంలోనే ఆమె రక్షణ ఉన్నది. తల్లి చేతిలోని జాగ్రత్త ఆమె సొంతమైనదని చెప్పడానికి అంతకంటే నిదర్శనం అక్కరలేదు.

కఠిన పదాలు – అర్థాలు

ప్రతిరక్షకాలు : రోగకారకాలను ఎదిరించడానికి శరీరం తయారుచేసే పదార్థాలు
మాంసకృత్తు : ప్రొటీను
కౌమారం : బాల్యానికీ యౌవనానికీ నడిమి దశ
బిడియం : సిగ్గు, సంకోచం
నిబ్బరం : ధైర్యం, స్థిరత్వం
వృత్తాంతం : జరిగిన సంగతి
నామోషీ : చిన్నతనం, అవమానం
పథ్యం : ఆరోగ్యం కోసం పాటించే ఆహారనియమం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆహారపు అలర్జీ ఉన్న యువతీయువకులు తమ ఆరోగ్యరక్షణ బాధ్యతను ఎలా స్వీకరించాలో వివరించండి.
2. 'అజాగ్రత్త ఎంత కీడో అతిభయమూ అంతే కీడు' – పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ చేసిన ప్రయోగాన్ని తెలపండి.
2. రక్తపరీక్ష ఒక్కటే అలర్జీని ఎందుకు నిర్ణయించలేదు?
3. ఓవెన్ కేరీ ఉదంతం నేర్పే పాఠమేమిటి?
4. అనాఫిలాక్సిస్ లక్షణాలు కనబడినప్పుడు చేయవలసిన పనులేవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'అలర్జీ' అనే పదాన్ని కల్పించినవారెవరు?
2. తీవ్రస్థితిలో ప్రాణం కాపాడే మందు ఏది?
3. 108 సేవ ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

IV. సంధులను విడదీసి సంధి పేరు తెలపండి
ప్రాణాపాయం, అత్యవసరం, ప్రాణాధారం

V. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి
తల్లిదండ్రులు, వసతిగృహం, రక్తపరీక్ష

VI. మీ కళాశాలలోనో వసతిగృహంలోనో ఆహారపు అలర్జీ ఉన్న మిత్రునికి మీరు ఎలా తోడ్పడగలరో పది వాక్యాలలో వ్రాయండి.